జంపని అని తెలుగులో టైపు చేసేదాకా

తెనాలి ప్రాంతంలో పుస్తకమే పాఠకుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళిన రోజులున్నాయి. 1935లో పెదపాలెం గ్రామానికి చెందిన పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. కొల్లిపర, పెదవడ్లపూడి వైపు పడవల్లో పోయేవాళ్ళు దారి పొడవునా చదువుకునేవారు. బడిలోకి ఇంటర్నెట్ వచ్చిన కథను కూడా, చదువును పాఠకుడి దగ్గరికే తెచ్చిన ఆ పడవ దగ్గర్నుంచే చెప్పుకోవాలని నా అభిప్రాయం.

ఇక ఇంటర్నెట్ సంగతికి వస్తే, వార్డ్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1995లో, చదివేవాళ్ళే అక్కడికక్కడ దిద్దుకోగల వెబ్ పేజీలు తయారుచేసి వికీ అని పేరు పెట్టాడు. అదే పద్ధతిలో 2001లో వికీపీడియా, 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. మరి తెలుగులో రాయడం ఎలా? అప్పట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటీ ఒక్కో ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అక్షరాల బదులు అర్థంకాని గుర్తులు కనబడేవి. యూనికోడ్ అనే ఉమ్మడి అక్షర పద్ధతితో ఆ చిక్కు తీరింది గానీ, కీబోర్డు మీదున్నవి ఇంగ్లీషు అక్షరాలే. 2006లో వీవెన్ గారు లేఖిని అనే వెబ్ పేజీ తయారుచేసి ఆ అడ్డు కూడా తొలగించారు. పై పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే కింది పెట్టెలో తెలుగు వస్తుంది. జె, ఏ, పెద్ద ఎమ్, పి, ఏ, ఎన్, ఐ కొట్టి చూడండి, తెనాలి ప్రాంతంలోని ఒక ఊరి పేరు వస్తుంది, జంపని. సున్నకి పెద్ద ఎమ్ అని తెలిస్తే చాలు, ఆరో తరగతి పిల్ల తన ఊరి పేరు తానే రాసేసుకుంటుంది. జంపని మీదుగా రేపల్లె పోయే రైలు దారిలోనే భట్టిప్రోలు ఉంది. అక్కడి స్తూపంలో దొరికిన ధాతు పేటికల మీది ప్రాచీన రాతలను తెలుగు లిపి చరిత్ర చెప్పే ప్రతివాళ్ళూ తలుచుకుంటారు. అంత పాత లిపిని కంప్యూటర్లో సులువుగా రాసుకోడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఆ తర్వాతవి త్వరత్వరగా వచ్చాయి. 2015లో ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరికాయి. 2017లో కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్ష, దాని వెంటే పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు. 2020లో కరోనాతో బడులు మూతపడితే వాట్సాప్ గ్రూపులే తరగతి గదులయ్యాయి. వీటి మేలు కాదనలేం. కానీ వాట్సాప్‌లో నిన్న పంపిన పాఠం ఇవాళ వందల సందేశాల కింద పడిపోతుంది. వీడియో పాఠాన్ని పిల్లవాడు చూస్తాడు, వింటాడు, అంతటితో సరి.

బడి గ్రంథాలయానికి అన్నిటికంటే తగిన పనిముట్టు వికీయే అంటాను. ఏ మాట ఎప్పుడు మారిందో చరిత్ర పేజీలో ఉంటుంది. వికీపీడియా అయితే రాసినదానికి మూలం చూపించమంటుంది. ‘మా తాతయ్య చెప్పాడు’ అంటే చాలదు. అప్పుడు పిల్లలు బీరువా తీసి జనాభా లెక్కల పుస్తకమో, పాత పత్రికో తిరగేయాల్సిందే. టీచరు పక్కనుండి, పిల్లల పేర్లూ ఫొటోలూ బయటపడకుండా చూసుకుంటూ చేయించాల్సిన పని ఇది.

ఉదాహరణకు, జంపని ఉన్న వేమూరు మండలం 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందు అచ్చయిన పుస్తకాల్లో గుంటూరు జిల్లా అనే ఉంటుంది. వికీలో అయితే ప్రభుత్వ ఉత్తర్వును మూలంగా చూపించి పిల్లలే దిద్దొచ్చు. పాత జిల్లా పేరు తీసెయ్యాలా, ఫలానా తేదీ వరకు గుంటూరు జిల్లా అని రాసి ఉంచాలా అన్నది తరగతిలో వాళ్ళే వాదించుకుని తేల్చుకోవచ్చు.