బొగ్గుకడ్డీ చరిత్రము

శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారి యింట మొట్టమొదట పనికి వచ్చునది రంగు కాదు, బొగ్గు. కరక్కాయ రసముతోను పాలతోను తడిపి యారబెట్టిన వస్త్రమును పఱచి, చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతో పనివాడు దేవతల రూపురేఖలను గీయును. ఇనుపతుక్కును బెల్లపునీటిలో అనేక దినములు నానవేసి తీసిన కసిమితో తరువాత ఆ రేఖలను నల్లగా స్థిరపఱచును. రంగులు నిలిచిన పిమ్మట బొగ్గును తలచువారు లేరు. అయినను ఆ పుల్ల సరిగా కాలకున్నచో గీత పడదు. మితిమీఱి కాలినచో చేతిలోనే పొడియగును. పుల్లను కాల్చుట అల్పమైన పనివలె తోచును గాని, చిత్రమంతయు దానితోనే ఆరంభమగుచున్నది.

విద్యుద్దీపముల చరిత్రమునందును బొగ్గుపుల్లకు ఇట్టి స్థానమే కలదు. నేడు మనము మీట నొక్కగానే వెలుగు దీపములు రాకపూర్వము నగరవీథులను, రేవులను, నాటకశాలలను విద్యుత్తుతో వెలిగించినది ఆర్కు దీపము. దానిని మొదట చూపినవారి పేరు పాఠపుస్తకములలో నున్నది. కాని దానిని వాడుకకు తెచ్చినవి రెండు బొగ్గుకడ్డీలు. వానిని బాగుచేయుటకు ఇంచుమించుగా ఒక శతాబ్దము పట్టినది. ఆ కథ మన యిండ్లలో చెప్పుకొనదగినది.

1800 సంవత్సరమున ఇటలీ దేశీయుడగు వోల్టా లోహపు పలకలను దొంతిగా పేర్చి ఎడతెగని విద్యుత్ప్రవాహమును పుట్టించు విధమును వెల్లడించెను. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు హంఫ్రీ డేవీ అట్టి పలకలను 2000 జతలు కూర్చి, 1810 ప్రాంతమున రెండు కట్టెబొగ్గు ముక్కలను తీగలకు తగిలించి, వాని కొనలను తాకించి, మెల్లగా ఎడము చేసెను. ఆ యెడములో సుమారు నాలుగంగుళముల పొడవున, విల్లువలె వంగిన జ్వాల నిలిచి, చూచువారి కన్నులు చెదరగొట్టెను. ఆ వంపును బట్టియే దానికి ఆర్కు, అనగా చాపము, అను పేరు వచ్చినది.

ఇచ్చట ఒక విషయమును గ్రహింపవలెను. ఆ వెలుగులో అధికభాగము జ్వాలనుండి వచ్చునది కాదు. ప్రవాహము ఒకే దిక్కున సాగునపుడు ధనపు కడ్డీ కొన గుంటపడును; రుణపు కడ్డీ కొన మొనదేలును. ఆ చిన్న గుంటయే తెల్లగా కాగి వెలుగునిచ్చును. దాని వేడిమి 3,500 సెంటిగ్రేడు డిగ్రీలను మించును. అంతటి వేడిమికి లోహములన్నియు కరగిపోవును. బొగ్గొక్కటి కరగక నిలిచి, చివరకు ఆవిరియగును. కావుననే ఆర్కు దీపమునకు బొగ్గు తప్ప గతి లేకపోయెను. అయితే ఏ బొగ్గు?

కట్టెబొగ్గు పనికిరాదని డేవీ ప్రదర్శనములందే తేలిపోయెను. అది తేలికయైనది, రంధ్రములు మెండుగా గలది, నిమిషములలో దగ్ధమగును. 1844లో పారిసు నగరమున లియోన్ ఫూకో అను శాస్త్రజ్ఞుడు వేఱొక బొగ్గును వాడెను. రాతిబొగ్గునుండి దీపపు గ్యాసును తీయు బట్టీల లోపలి గోడలకు రాతివలె గట్టిదగు బొగ్గు పేరుకొనును. దానిని రంపముతో కోసి కడ్డీలు చేసినచో మెల్లగా కాలి ఎక్కువసేపు నిలుచును. కాని కోయుట కష్టము, వెల యెక్కువ. అంతకన్న పెద్ద కీడు మఱియొకటి కలదు. గోడకు పేరుకొనిన ఆ బొగ్గులో ఇసుకయు, ఇనుమును, ఇతర మాలిన్యములును చేరియుండును. కడ్డీ కాలుచుండగా అవి బయటపడి, దీపము ఒకసారి ఎఱ్ఱబడి, ఒకసారి మినుకుమని, ఒకసారి చిటిలి ముక్కలు రాల్చుచుండెను. రాత్రియంతయు మనుష్యుడొకడు కావలి కూర్చుండవలసిన దీపమును వీథిలో నిలుపువారెవరు?

దొరకిన బొగ్గును కోయుట మాని, కావలసిన బొగ్గును తామే చేయవలెనని అప్పుడు కొందఱు నిశ్చయించిరి. ఆంగ్లేయుడగు స్టెయిట్ 1840వ దశకముననే కోకు పొడిని చక్కెరతో కలిపి కాల్చి చూచెను. రాతిబొగ్గును గాలి చొరకుండ కాల్చగా మిగులునది కోకు; శ్రీకాళహస్తికి చేరువనున్న రాచగున్నేరి ఇనుపగొట్టముల కర్మాగారములో కొలిమికి వేయు బొగ్గు ఈ జాతిదే. ఈ మార్గమును పరిపూర్ణము చేసినవాడు ఫ్రెంచివాడగు ఫెర్డినాండ్ కారే. మంచుగడ్డలు చేయు యంత్రమును కల్పించి పేరుపొందినవాడును ఇతడే. 1870వ దశకమున ఇతడు వాడిన యోగము ఇట్టిది: శుద్ధమైన కోకు పొడి 15 పాళ్లు, కాల్చిన దీపపు మసి 5 పాళ్లు, జిగురు చేర్చిన చక్కెర పాకము 7 లేక 8 పాళ్లు.

ఈ యోగమును చదివిన గృహిణికి నవ్వు రావచ్చును. మసి మన యాడువారు కాటుకకు పట్టుకొను మసి వంటిదే. పాకము మన పొయ్యిమీది పాకము వంటిదే. తరువాతి పనియు వంటయింటి పనినే పోలియున్నది. కలిపిన ముద్దను మురుకుల గొట్టము వంటి యంత్రములో పెట్టి బలముగా ఒత్తి, పొడవైన కడ్డీలుగా తీసిరి. వానిని కోకు పొడిలో కప్పి, గాలి తగులకుండ, ఎక్కువ వేడిలో కాల్చిరి. పాకములోని నీరు పోయి, చక్కెర బొగ్గై, పొడి రేణువులను ఒకదానితో నొకటి పట్టుకొనెను. ఇంకను మిగిలిన రంధ్రములను పూడ్చుటకు కడ్డీలను తిరిగి పాకములో నానవేసి, తిరిగి కాల్చిరి. పిండి విసరుటలో మెత్తదనము, పాకములో పాళము, ఒత్తుటలో సమత, కాల్చుటలో ఓర్పు, ఈ నాలుగును కుదిరినపుడే కడ్డీ కుదిరెను. ఒక కడ్డీవలె మఱియొక కడ్డీ కాలుట అప్పుడు మొదటిసారి సాధ్యమయ్యెను.

అదే దశకమున విద్యుత్తును చవుకగా పుట్టించు డైనమో యంత్రములును వచ్చెను. 1876లో రష్యా దేశీయుడగు యాబ్లోచ్కోవ్ పారిసులో రెండు కడ్డీలను ప్రక్కప్రక్కన నిలిపి, నడుమ ప్రవాహమును సాగనీయని పొరను పెట్టి, విద్యుత్ కొవ్వొత్తిని తయారుచేసెను. ప్రవాహము దిక్కు మార్చుకొనుచుండినచో రెండు కడ్డీలును సమముగా తఱగునని ఆతడు ఆ విధమైన ప్రవాహమును వాడెను. 1878 నాటికి పారిసులోని ఒపేరా వీథి ఈ దీపములతో వెలిగెను. అమెరికాలో చార్లెస్ బ్రష్ క్లీవ్లాండు నగరమున మఱి రెండు మెట్లు ఎక్కెను. కిరసనాయిలు శుద్ధిచేయు కర్మాగారములలో చివర మిగులు కోకులో బూడిద మిక్కిలి తక్కువయని కనిపెట్టి, ఆతడు దానితో కడ్డీలు చేయించెను. కడ్డీపై పలుచగా రాగిపూత పూయించి, ప్రవాహమునకు కలుగు అడ్డు తగ్గించి, కడ్డీ ప్రక్కల కాలిపోకుండ కాపాడెను. 1879 ఏప్రిలు 29వ తేదీన క్లీవ్లాండు చౌకులో ఆతని 12 దీపములు వెలిగెను. ఆ సంవత్సరమే జూలై 24వ తేదీన కలకత్తాలో విద్యుద్దీప ప్రదర్శనము జరిగెను. వెలుగు సముద్రము దాటి మన దేశమునకు వచ్చుటకు మూడు నెలలైనను పట్టలేదు.

తరువాత జర్మనీలోని సీమెన్సు సోదరులు కడ్డీ నడుమ సన్నని రంధ్రము విడిచి, దానిలో మెత్తని బొగ్గుపొడిని లవణములతో కలిపి కూరిరి. ఆర్కు అటునిటు పరువులెత్తక నడుమనే నిలిచెను. ఇన్ని బాగులు జరిగినను ఒక రోగము మాత్రము మిగిలిపోయెను. ప్రవాహమును ఒక హద్దునకు మించి పెంచినచో దీపము పామువలె బుసకొట్టుచుండెను. దానితోపాటు వోల్టులు పదివఱకు తటాలున పడిపోవును, వెలుగు చెడిపోవును. కారణమును సరిగా చూపగలిగినవారు లేకపోయిరి.

ఆ కారణమును కనుగొన్నది ఒక స్త్రీ. హెర్తా అయర్టన్ 1854లో ఇంగ్లండునందు గడియారములు బాగుచేయు ఒక పేదవాని యింట పుట్టెను. చిన్ననాడే తండ్రి పోయెను. తల్లి కుట్టుపనితో బిడ్డలను పోషించెను. కేంబ్రిడ్జిలోని గర్టన్ కళాశాలలో ఆమె గణితము చదివెను గాని, స్త్రీలకు పట్టములిచ్చు ఆచారము ఆ విశ్వవిద్యాలయమున అప్పుడు లేదు. 1881లో లండను విశ్వవిద్యాలయమే ఆమెకు పట్టమిచ్చెను. ఆచార్యుడగు డబ్ల్యూ. ఇ. అయర్టనును 1885లో వివాహమాడి, సంసారము చేయుచునే, 1890వ దశకమున ఆర్కు దీపమును పరిశోధింప మొదలిడెను. కడ్డీల లావు, ఎడము, ప్రవాహము, వోల్టులు, ఒక్కొక్కటి మార్చి, మార్చిన ప్రతిసారియు కొలిచి వ్రాసికొనెను. ప్రవాహము పెరిగినకొలది ధనపు గుంట పెద్దదగుచు, ఒక హద్దు దాటగానే కడ్డీ కొనను మించి ప్రక్కకు ప్రాకుచుండుటను చూచెను. అప్పటివఱకు బొగ్గు ఆవిరి చేత కప్పబడియుండిన గుంటకు గాలి సోకును. గాలిలోని ప్రాణవాయువు బొగ్గును నేరుగా కాల్చును. బుసకు కారణమిదియే. గాలి తగులకుండ కప్పి చూచెను. గుంటపై ప్రాణవాయువును ఊది చూచెను. నత్రజనిని ఊది చూచెను. ప్రాణవాయువు సోకినపుడే వోల్టులు పడిపోయెను.

శ్రీకాళహస్తి వాయుక్షేత్రము. గర్భాలయమున గాలి చొరకున్నను ఒక దీపము కదలుచుండునని భక్తులు చూచి చెప్పుదురు. నూనెదీపమునకు గాలి యాహారము. అది లేనిది వత్తి వెలుగదు. ఆర్కు దీపమునకైతే వెలుగు కాగిన బొగ్గునుండి వచ్చును గనుక గాలితో పనిలేదు; దానికి గాలి దొంగ. ఈ భేదము తెలిసిన పిమ్మట కడ్డీల లావును ప్రవాహమునకు తగినట్లు నిర్ణయించుటకు వీలుకలిగెను. ఊహతో చేసిన పని లెక్కతో చేయు పని యయ్యెను.

1899లో ఆమె ఈ విషయమును విద్యుత్ ఇంజనీర్ల సంస్థలో తానే చదివెను. అచ్చట తన పత్రమును చదివిన మొదటి స్త్రీ ఆమెయే, సభ్యురాలైన మొదటి స్త్రీయు ఆమెయే. 1901లో రాయల్ సొసైటీకి పంపిన పత్రమును మాత్రము ఆమె చదువుటకు వీలులేకపోయెను. జాన్ పెర్రీ అను పండితుడు చదివెను. 1902లో ఆమె గ్రంథము వెలువడెను. ఆ యేటనే ఆమెను సొసైటీ సభ్యురాలిని చేయవలెనని కొందఱు ప్రతిపాదింపగా, వివాహితయగు స్త్రీకి అట్టి యర్హత చట్టమున లేదని త్రోసివేసిరి. ఆమె కొలతలు తప్పని ఎవరును అనలేదు. ఆమె భార్య యగుటయే తప్పయ్యెను! 1906లో అదే సొసైటీ ఆమెకు హ్యూస్ పతకము నిచ్చెను. స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు మాత్రము ఆ సొసైటీకి 1945 వఱకు కాలము పట్టెను. అప్పటికి ఆమె గతించి 22 సంవత్సరములైనది. ఓడలమీది వెదకుదీపములకు తగిన కడ్డీల ప్రమాణములను నిర్ణయించుటలో ఆమె చేసిన పరిశ్రమ బ్రిటిషు నౌకాదళమునకు పనికివచ్చినది.

వీథులలో ఆర్కు దీపము స్థానమును తీగదీపములు ఆక్రమించెను. అయినను బొగ్గుకడ్డీ మన ఊళ్లలో చాలకాలము బ్రదికినది. సినిమా హాళ్లలో జీనాన్ దీపములు వచ్చు వఱకు బొమ్మను తెరమీదికి పంపినది ఈ కడ్డీలే. ఆపరేటరు నల్లని అద్దములోనుండి చూచుచు, కడ్డీలు తఱిగినకొలది ఎడమును సరిచేయుచుండెడివాడు. ఆతడు ఏమఱినచో తెర ఎఱ్ఱబడును. హాలంతయు ఈలలు వేయును. బయట పాఱవేసిన రాగిపూత తునకలను ఏఱుకొని ఆడుకొనిన పిల్లలు నేడు తాతలై యున్నారు. తాము పట్టుకొనినది కారే పాకమునకు, బ్రష్ పూతకు, హెర్తా అయర్టన్ కొలతలకు వారసురాలని వారికి చెప్పినవారు లేరు.

చదువరులారా, ఈ చరిత్రమునుండి గ్రహింపదగినదేమి? చేతిపని తెలిసినవారు పాకము కుదిర్చిరి. కాని బుస ఎందుకు వచ్చుచున్నదని అడిగి, తుదివఱకు కొలిచి చూచినదాకా దీపము రోగము కుదురలేదు. చేతి నేర్పును, ప్రశ్నించు బుద్ధియు ఒకచోట కలిసినపుడే వస్తువు బాగుపడును. నేడు మన బాలికలు శాస్త్రములు చదువుచున్నారు, సంతోషము. అయినను పొయ్యికడ, పాకము కడ, దీపము కడ వారు అడుగు ప్రశ్నకు "నీకెందుకు?" అను మాటయే అనేక గృహములలో బదులుగా వినబడుచున్నది. రాయల్ సొసైటీ 1902లో అనినదియు ఆ మాటయే. ఆ మాటను మన యింటినుండి వెడలగొట్టుట మన చేతిలోని పని. నేటి రాత్రి దీపము పెట్టునపుడు బిడ్డ యేదైన అడిగినచో, తెలిసినది చెప్పుడు. తెలియనిచో, ఆమెతో కూర్చుండి కొలిచి చూడుడు.