ఎస్‌వీవ్

గణాంక విశ్లేషణ చేసే కోడ్‌నూ, ఆ విశ్లేషణను వివరించే నివేదికనూ ఒకే ఫైలులో కలిపి రాసే పద్ధతికీ, అందుకు వాడే సాఫ్ట్‌వేర్‌కూ ఎస్‌వీవ్ అని పేరు. ఆస్ట్రియా గణాంకవేత్త ఫ్రీడ్రిష్ లైష్ వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ దీన్ని తయారుచేశాడు. 2002లో బెర్లిన్‌లో జరిగిన కాంప్‌స్టాట్ సదస్సులో దాన్ని వివరించాడు. అదే ఏడాది వెలువడిన 1.5.0 వెర్షన్ నుంచి ఇది ఆర్ అనే గణాంక భాషలో భాగమైంది.

అంతకుముందు పరిశోధకుడు లెక్క ఒకచోట చేసేవాడు, వ్యాసం ఇంకోచోట రాసేవాడు. అంకెలను అక్కణ్ణుంచి ఇక్కడికి చేత్తో మోసేవాడు. డేటాలో నాలుగు వరసలు సరిదిద్దితే లెక్క మారుతుంది. పట్టిక మార్చడం గుర్తుంటుంది, మూడో పేజీలో వాక్యం మధ్య దాగిన సగటు గుర్తుండదు. ఎస్‌వీవ్‌లో రచయిత అంకెను రాయడు, ఆ అంకె ఎలా వస్తుందో రాస్తాడు. నివేదికంతా లేటెక్ అనే అక్షరకూర్పు భాషలో ఉంటుంది. మధ్యమధ్యలో, గుర్తులు పెట్టి వేరుచేసిన ఆర్ కోడ్ ముక్కలుంటాయి. ఫైలును నడిపితే పట్టికలు, గ్రాఫులు, వాక్యాల్లోని అంకెలు సైతం అప్పటికప్పుడు లెక్కకట్టుకొని వాటి వాటి చోట్ల కూర్చుంటాయి. డేటా మారితే ఫైలును మళ్ళీ నడిపితే చాలు.

పేరులోని ‘వీవ్’ కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ నుంచి వచ్చింది. తన పుస్తకం కొత్త ముద్రణకు వచ్చిన ప్రూఫులు అందవికారంగా ఉన్నాయని విసిగిపోయి నూత్ 1970ల చివర టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థను మొదలుపెట్టాడు. టెక్‌ను రాయడానికి వెబ్ అనే మరో పనిముట్టును తయారుచేసుకున్నాడు (ఇంటర్నెట్ వెబ్‌కూ దీనికీ సంబంధం లేదు). ప్రోగ్రామును మనిషి చదవడానికి రాయాలన్నది అతని వాదం. ఆ వాదంతో 1984లో ‘ది కంప్యూటర్ జర్నల్’లో వ్యాసం ప్రచురించాడు. వెబ్‌లో మూల ఫైలు ఒక్కటే. ‘వీవ్’ దాన్ని మనిషి చదివే పత్రంగా నేస్తుంది, ‘టాంగిల్’ అందులోంచి కంప్యూటరుకు కావలసిన కోడ్‌ను లాగి ఇస్తుంది. ఒకటి నేత, రెండోది చిక్కు. ఇక ఎస్ అన్నది బెల్ ల్యాబ్స్‌లో 1976లో మొదలైన గణాంక భాష. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రాసిన ఆర్ దానికి వారసురాలు. ఎస్‌ను, వీవ్‌ను కలిపి లైష్ తన సాఫ్ట్‌వేర్‌కు పేరు పెట్టాడు. అయితే నూత్ నేత కోడ్‌ను చక్కగా అచ్చువేసి చూపుతుందే తప్ప దాన్ని నడపదు. లైష్ నేత నడుపుతుంది. గణాంకవేత్తలకు ఎస్‌వీవ్ పనికొచ్చింది ఈ ఒక్క తేడావల్లే.

ఈ ఆలోచనకు ఇంకో పాయ భూగర్భ అన్వేషణ నుంచి వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో భూకంప తరంగాల సాయంతో భూమి పొరలను చిత్రించే జాన్ క్లేర్‌బౌట్‌ది విచిత్రమైన బాధ: చదువు ముగించి వెళ్ళిపోయిన విద్యార్థి గీసిన బొమ్మను తర్వాత వచ్చినవాడు మళ్ళీ గీయలేకపోయేవాడు. కొన్ని నెలలు గడిస్తే గీసినవాడికే సాధ్యమయ్యేది కాదు. అందుకని 1990ల మొదట్లో ఆ బృందం ప్రతి బొమ్మకూ దాన్ని పుట్టించే ఆదేశాన్ని జతచేయడం మొదలుపెట్టింది. బొమ్మను చెరిపేయడానికి ‘బర్న్’, మళ్ళీ గీయడానికి ‘బిల్డ్’. కాల్చేసినా తిరిగి లేస్తేనే అది నమ్మదగిన బొమ్మ. 1992లో క్లేర్‌బౌట్, మార్టిన్ కారెన్‌బాక్ ఈ పద్ధతిని వివరించారు. 1995లో జొనాథన్ బకైట్, డేవిడ్ డోనహో దాన్ని గణాంకశాస్త్రంలోకి తెచ్చారు. అచ్చయిన వ్యాసం పాండిత్యానికి ప్రకటన మాత్రమేనని, అసలు పాండిత్యం బొమ్మలను పుట్టించిన సాఫ్ట్‌వేర్‌లోనూ ఆదేశాల్లోనూ ఉందని వారు వాదించారు.

ఎస్‌వీవ్ తొలి వాడుకరుల్లో జన్యుశాస్త్ర గణాంకవేత్తలు ఎక్కువ. వారికి దీని అవసరం ఎంతటిదో ఒక వివాదం చూపింది. 2006లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ బృందం, కణాల జన్యు సంకేతాలను బట్టి ఏ క్యాన్సర్ రోగికి ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పవచ్చంటూ ‘నేచర్ మెడిసిన్’లో ప్రకటించింది. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రపు గణాంకవేత్తలు కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూమ్స్ ఆ లెక్కను మళ్ళీ చేయబోతే కుదరలేదు. కోడ్ చేతిలో లేక, ఫలితాల నుంచి వెనక్కి నడుస్తూ ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవాల్సి వచ్చింది. చివరికి తేలింది ఇది: జన్యువుల జాబితా ఒక వరస కిందికి జారింది. కొన్ని మందుల విషయంలో ‘లొంగేది’, ‘లొంగనిది’ అన్న పేర్లు తారుమారయ్యాయి. ఎక్సెల్ వాడిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు చేసిన తప్పే, కానీ ఇక్కడ దాని మీద ఆధారపడి రోగులపై ప్రయోగాలు నడుస్తున్నాయి. ఇద్దరూ 2009లో తమ పరిశీలనను ‘ఆనల్స్ ఆఫ్ అప్లైడ్ స్టాటిస్టిక్స్’లో ప్రచురించారు. తమ నివేదికలు చాలావరకు ఎస్‌వీవ్‌లోనే రాయాలన్న నియమం పెట్టుకున్నామనీ అందులో చెప్పారు. 2010లో ప్రయోగాలు ఆగిపోయాయి, 2011 జనవరిలో డ్యూక్ వ్యాసం ఉపసంహరణ జరిగింది.

పేర్లు తారుమారైన డేటాను ఇస్తే ఎస్‌వీవ్ కూడా తప్పుడు ఫలితాన్నే శుభ్రంగా అచ్చువేస్తుంది. కాకపోతే తప్పు కోడ్‌లో జరిగితే, అది ఏ వరసలో జరిగిందో చదివేవాడు కనిపెట్టవచ్చు. డ్యూక్ విషయంలో అది కనిపెట్టడానికే చాలా శ్రమ పట్టింది.

ఎస్‌వీవ్‌తో విసుగూ తక్కువ కాదు. లేటెక్ రానివారికి అది గోడ. ఒక కామా మార్చినా లెక్కంతా మొదటినుంచీ నడిచేది. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థి యిహుయ్ షే 2012లో తెచ్చిన నిటర్, ఒకసారి చేసిన లెక్కను దాచి పెట్టుకునే సౌకర్యాన్ని సులభం చేసింది, లేటెక్‌కు బదులు తేలికైన మార్క్‌డౌన్‌లో రాయనిచ్చింది. నేత పోయి అల్లిక వచ్చింది. నిటర్ అన్న పేరుకు అర్థమూ అదే. నిటర్ మీదే ఆర్ మార్క్‌డౌన్, ఆ బాటలోనే 2022లో క్వార్టో వచ్చాయి. పైథాన్ భాష వాడేవారిలో, ఇలాగే కోడ్‌నూ వివరణనూ కలిపే జూపిటర్ నోట్‌బుక్ పాతుకుపోయింది. అయితే 2019లో అచ్చయిన ఒక అధ్యయనం గిట్‌హబ్ నుంచి సుమారు 14 లక్షల జూపిటర్ నోట్‌బుక్‌లు సేకరించి, నడపదగినవాటిని నడిపి చూసింది. తప్పు రాకుండా చివరిదాకా నడిచినవి సుమారు 24 శాతం. మొదటి ఫలితమే మళ్ళీ ఇచ్చినవి సుమారు 4 శాతం.

కొత్త నివేదికలకు ఇవాళ ఎస్‌వీవ్‌ను ఎంచుకునేవారు అరుదు. ఆర్‌ను దించుకుంటే మాత్రం ఇప్పటికీ దానితోపాటే వస్తుంది.