పొరపాటులో దాగిన సత్యం



నిరుడు మా మేనకోడలికి అయిదవ నెలలో అల్ట్రాసౌండు పరీక్ష చేసిన వైద్యురాలు, బిడ్డ క్షేమమేనని చెప్పి, తల్లి క్లోమగ్రంథి తోకవద్ద ఒక తిత్తి కనబడుతున్నదని కూడా చెప్పింది. ఇంటిల్లిపాదికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. "కడుపుతో ఉన్న పిల్లను కోయిస్తారా?" అని మా అక్కయ్య; "ఉంచితే పగిలిపోదా?" అని అల్లుడు. నాకు వ్యాకరణమే గాని వైద్యం తెలియదు. అయినా ఆ నాలుగు నెలలూ ఈ వ్యాధి చరిత్రను చదువుతూ గడిపాను. అందులో నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఈ టపాలో విన్నవిస్తున్నాను.

ముందుగా మాటను గురించి. క్లోమమనే పేరు ప్రాచీనమే. కాని పూర్వ వైద్యగ్రంథాలలో అది ఏ అవయవమో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. నేటి పాఠ్యపుస్తకాలలో అది జీర్ణాశయం వెనుక అడ్డంగా ఒదిగి ఉండే గ్రంథికి పేరుగా స్థిరపడింది. ఇంత మరుగున ఉండడం చేత, దానిలో పుట్టిన తిత్తి పెరిగి పొట్ట ముందుకు వచ్చినా, మూలమెక్కడో చేతితో తడిమి చెప్పడం పూర్వవైద్యులకు అలవి కాలేదు. స్త్రీ కడుపు పెరిగితే వారికి ముందుగా తోచేవి రెండే: గర్భం, లేదా అండాశయపు కంతి.

ఆ రెండింటిలోనూ పొరపాటు జరిగేది. 1809లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే ఆమెకు కవలలు పుడతారనీ, నెలలు నిండి దాటిపోయాయనీ తలచి వైద్యులు ఎఫ్రయిం మెక్‌డోవెల్‌కు కబురు పెట్టారు. ఆయన పరీక్షించి, అది గర్భం కాదు, అండాశయపు కంతి అని తేల్చాడు. ఆమె సుమారు 60 మైళ్ళు గుర్రంమీద డాన్‌విల్ చేరింది. మత్తుమందులు లేని ఆ రోజులలో ఆమె కీర్తనలు చదువుకొంటూ ఉండగా, ఆయన 25 నిమిషాలలో ఇరవై రెండున్నర పౌన్ల కంతిని తీసివేశాడు. అందులో 15 పౌన్లు బంకవంటి ద్రవమే. ఆమె ఆపైన మూడు దశాబ్దాలకు పైగా బ్రతికింది.

దానితో కడుపు తెరవవచ్చునన్న ధైర్యం క్రమంగా వచ్చింది. కడుపులో ఏమున్నదో ముందుగా తెలిసే ఉపాయం మాత్రం రాలేదు. 1881 డిసెంబరులో న్యూయార్కులో నేథన్ బోజ్‌మన్ అండాశయపు తిత్తి అనుకొని ఒక స్త్రీకి శస్త్రచికిత్స చేశాడు. తెరచి చూస్తే అది క్లోమంనుండి పుట్టినది! ఇరవైన్నర పౌన్ల ఆ తిత్తిని గురించి ఆయన 1882లో ప్రకటించాడు.

కోయకుండా చూసే కన్ను గ్లాస్గోలో వచ్చింది. 1955లో ఇయాన్ డోనాల్డ్, లోహపు పలకలలో పగుళ్ళు వెదికే ధ్వనియంత్రంతో కంతులను పరిశీలించాడు. 1958లో సహచరులతో కలిసి ప్రచురించిన వ్యాసంలో, జీర్ణాశయపు పుట్టకురుపు ముదిరిందని ఆశ వదలుకొన్న ఒక స్త్రీకి ఉన్నది అండాశయపు తిత్తి మాత్రమేనని ఈ పద్ధతి తెలిపిన ఉదంతం ఉన్నది. ఆ కాలంలోనే, గర్భిణులకు ఎక్సురే తీయడం పుట్టబోయే బిడ్డకు కీడు కలిగించవచ్చునని అలిస్ స్టీవర్ట్ హెచ్చరించింది. ధ్వని గర్భిణికి వరమయింది.

ఇక ఆశ్చర్యం. 1978లో కంపాన్యో, ఓర్టెల్ అనే రోగనిదాన శాస్త్రజ్ఞులు క్లోమపు తిత్తులలో పలుచని ద్రవం గలవి ప్రాయికంగా నిరపాయమనీ, జిగురు ద్రవం గలవి పుట్టకురుపుగా మారగలవనీ వేరుచేసి చూపారు. ఈ రెండవ రకం దాదాపు స్త్రీలకే వస్తుంది. ఎక్కువగా క్లోమపు నడుమనో, తోకవద్దనో పుడుతుంది. దాని గోడలో అండాశయంలో ఉండేటటువంటి కణజాలమే ఉంటుందనీ, అది స్త్రీ హార్మోనులను గ్రహించగలదనీ తరువాత తేలింది. పిండదశలో బీజగ్రంథి, క్లోమం పొరుగున ఉన్నప్పుడు కొన్ని కణాలు ఇటు చేరి ఉండవచ్చునని పండితుల ఊహ. అనగా, ఇటువంటి తిత్తిని చూసి అండాశయానిదని భ్రమించిన పూర్వుల పొరపాటులోనూ ఒక పాలు సత్యమున్నది!

గర్భిణి విషయంలో భయానికి కారణమూ ఇదే. గర్భకాలపు హార్మోనులవల్ల ఈ తిత్తి త్వరగా పెరగవచ్చు. పగిలిన ఉదంతాలూ ఉన్నాయి. కనుక వైద్యులు పరిమాణం, పెరుగుదల, నొప్పి, లోపల గట్టి బొడిపెలు ఉన్నవా అన్నవి చూస్తారు. అల్ట్రాసౌండు చాలకపోతే రంగుమందు లేకుండా ఎమ్మారై తీస్తారు. తీయక తప్పనప్పుడు నాలుగు, ఐదు, ఆరు నెలల కాలం మేలు: మొదట్లో గర్భస్రావ భయం, చివరలో అడ్డువచ్చే గర్భాశయం, నెలలు నిండని కాన్పు భయం. చిన్నదై, నెమ్మదిగా ఉంటే కనిపెట్టి చూస్తూ, ప్రసవానంతరం తీస్తారు. పుట్టకురుపు లోపలికి పాకకముందే పూర్తిగా తీసివేస్తే వ్యాధి నయమయినట్లే.

మా పిల్ల విషయంలో వేచి ఉండడమే నిర్ణయమయింది. ప్రతి పరీక్షనాడూ మా అక్కయ్య దేవుని గదిలోనే కూర్చునేది. ఆడపిల్ల పుట్టింది. మూడు నెలల తరువాత తిత్తినీ తీశారు. పరీక్షలో పుట్టకురుపు లేదని వచ్చింది.

అక్కయ్య భయమూ, అల్లుని భయమూ రెండూ నిజమైనవే. ఆ రెండింటినీ తూచి చూడగలిగే తక్కెడ మనకు అందడానికి, గుర్రమెక్కి వచ్చిన ఆ ఇల్లాలినాటి నుండి రెండు శతాబ్దాలు పట్టింది.

స్వస్తి.