గోల్కొండ, కింది నుంచి

గోల్కొండ బాలాహిస్సార్‌కి దాదాపు 360 మెట్లు. "పైకెక్కకపోతే ఏం చూసినట్టు?" అంటారు. అసలు ఎవర్నీ ఎక్కనివ్వకూడదనే కదా కట్టింది! 1687లో ఎనిమిది నెలలు పడిగాపులు పడ్డ ఔరంగజేబు సైన్యం కూడా, చివరికి లోపలివాళ్లు తీసిన తలుపులోంచే వచ్చింది. సుల్తానులు పల్లకీలో పైకి వెళ్లేవారని గైడ్లు చెబుతారు. మోసినవాళ్ల మోకాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. నా మోకాళ్లకి ముప్పై మెట్లే హద్దు కాబట్టి ఆ బోయీలే గుర్తొస్తారు నాకు.

ఒక్క శబ్దానికే ఇక్కడ మెట్లతో పనిలేదు. ప్రవేశద్వారం దగ్గరి గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండకొసన వినిపిస్తుంది. కాపలావాళ్ల హెచ్చరిక అలా పైకి చేరేదట. చేతికర్ర చంకన పెట్టుకుని నేనూ కొట్టాను. పైనుంచి మా అమ్మాయి ఫోను: "వినపడింది నాన్నా, ఇంకోసారి!"