భంగము, తరంగము, తెప్ప

అరవై ఆరేళ్ళ వయసులో, తెలుగు పండితుడిగా ఉద్యోగ విరమణ చేసిన ఒక మనిషి రుషికొండ ఇసుకమీద బోర్లా పడుకుని, ఒక పలకను కౌగిలించుకుని, రెండు చేతులతో గాలిని ఈదుతూ ఉంటే చూసేవారికి నవ్వు రావడం సహజమే. నాకూ నవ్వు వచ్చింది. గత సంక్రాంతి సెలవులకు విశాఖపట్నంలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పటి మాట ఇది. పదకొండేళ్ళ మనవడు అలలమీద పలకతో స్వారీ చేసే ఆట నేర్చుకుంటానని పట్టుబట్టాడు. కాపలా కోసం వెంట వెళ్ళాను. "తాతా, నువ్వు కూడా రా" అన్నాడు వాడు. ఈత వచ్చా అని అడిగాడు నేర్పే కుర్రవాడు. వచ్చునన్నాను. అబద్ధం కాదు. ధర్మపురి దగ్గరి మా ఊరి మోటబావిలో, నడుముకు ఎండు ఆనిగెపుబుర్రలు కట్టుకుని నేర్చుకున్న ఈత అది.

ఆ ఉదయం గురించి వ్రాయాలనిపించడానికి కారణం ఆట కాదు. ముప్ఫై ఏళ్ళ క్రితం నేనొక పిల్లవాడికి చెప్పిన తప్పు సమాధానం.

అప్పుడు నేను ఆదిలాబాదు జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. (2016లో జిల్లాలు విడగొట్టాక ఆ ఊరు ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో ఉంది. ఆదిలాబాదు అని వ్రాయడానికే నా చేయి అలవాటుపడింది, మన్నించండి.) హనుమంతుడు సముద్రాన్ని లంఘించే పాఠం చెబుతున్నాను. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లేచి అడిగాడు: "సారూ, మన గోదారిల పోయిన నీళ్ళు అలలై మల్ల ఒడ్డుకొస్తయా?" ఆలోచించకుండానే, "వస్తాయిరా, సముద్రం మధ్యనుంచి కొట్టుకొస్తాయి" అన్నాను. అప్పటికి నేను సముద్రం చూడలేదు. కావ్యాలలో చదివిన సముద్రమే నా సముద్రం. వాడు కూర్చున్నాడు, నేను పాఠం కొనసాగించాను.

రుషికొండలో మొదటి అరగంట ఇసుకమీదే గడిచింది. పలక దాదాపు తొమ్మిది అడుగుల పొడవు, పైన మెత్తటి నురుగుపొర. మొదట బోర్లా పడుకోవాలి. కాలివ్రేళ్ళు పలక చివరను తాకీ తాకనట్టుండాలి. చేతులతో నీటిని వెనక్కు తోయాలి. అల వచ్చి వెనుకనుండి నెట్టినట్టు తెలియగానే అరచేతులు రొమ్ముల ప్రక్కన ఆనించి, ఒక్క ఊపున లేచి, పాదాలు అడ్డంగా పెట్టి నిలబడాలి. ఏ కాలు ముందు అన్నది కూడా ఒక పరీక్షే. కుర్రవాడు నన్ను కళ్ళు మూసుకోమని వెనుకనుండి మెల్లగా తోశాడు. తూలినప్పుడు ఏ కాలు ముందు పడితే అదే ముందు కాలట. నాకు కుడికాలు పడింది. ఎక్కువమందికి ఎడమకాలేనట. వెనుక కాలికి పలకను కలిపే తాడు కట్టాడు. పడిపోయేటప్పుడు తల ముందుగా పోకూడదనీ, వెడల్పుగా పడాలనీ, పైకి తేలేటప్పుడు చేతులు తలకు అడ్డం పెట్టుకోవాలనీ రెండుసార్లు చెప్పించుకున్నాడు. నా ముప్ఫై అయిదేళ్ళ ఉద్యోగంలో అంత శ్రద్ధగా పాఠం అప్పజెప్పించుకున్న ఉపాధ్యాయులను కొద్దిమందినే చూశాను.

ఆ తాడుకు కూడా ఒక చరిత్ర ఉంది. 1971 ప్రాంతంలో కాలిఫోర్నియాలో ఓనీల్ అనే వారి కుటుంబంలో కొడుకు సాగే రబ్బరు గొట్టాన్ని పలకకు కట్టి చూశాడు. ఆ సాగుడు తాడు విసురుగా వెనక్కు లాగిన పలక తగిలి తండ్రి జాక్ ఓనీల్ ఎడమకన్ను పోయింది. ఇప్పుడు వాడేవి అంతగా సాగవు.

తరువాత నడుములోతు నీటిలోకి దిగాము. అలలు విరిగే చోటు దాటి అవతలకు నన్ను పలకమీద పడుకోబెట్టి తీసుకువెళ్ళాడు. అక్కడ నీరు నిండుగా, నున్నగా ఉంది. అల వచ్చింది. పలక పైకి లేచింది, దిగింది. ఉన్నచోటనే ఉన్నాను. మరొకటి వచ్చింది. మళ్ళీ అంతే. ఒడ్డువైపు పోతున్నానేమోనని కంగారుపడి చూస్తే కుర్రవాడు నవ్వాడు. "నీరు ఎక్కడికీ ఎల్దండి మాస్టారూ. కెరటమే ఎల్తది" అన్నాడు.

మావైపు 'సారు' అంటారు, అక్కడ 'మాస్టారు'. ఆ సంబోధన వినగానే, ఎనిమిదో తరగతి పిల్లవాడి ముందు నిలబడ్డట్టయింది. కదిలేది నీరు కాదు, కదలిక. వరిచేను మీద గాలి పోతే వెన్నులు వంగి లేస్తాయి గానీ చేను నడచిపోదు కదా. ఈ మాట ఆనాడే తోచి ఉండవచ్చు. తోచలేదు.

ఇక్కడ కొంచెం పండితుల గొడవ. అమరకోశంలో వారివర్గమున అలకు నాలుగు పేర్లున్నాయి: భంగము, తరంగము, ఊర్మి, వీచి. పెద్ద అలలకు ఉల్లోలము, కల్లోలము అని వేరే రెండు. వల్లె వేయించి పిల్లలను అలసిపోయేటట్లు చేసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. నాలుగూ పర్యాయపదాలే అని చెప్పేవాణ్ణి. పలకమీద పడుకున్నాక అవి పర్యాయపదాలు కావేమో అనిపించింది. తరంగములో ఉన్నది తేలుట, దాటుట అనే అర్థమున్న ధాతువు. భంగములో ఉన్నది విరుగుట. లోతునీటిలో నన్ను ఎత్తి దించినది తరంగం. అదే ఒడ్డుకు వచ్చేసరికి, తన ఎత్తుకు సుమారు ఒకటింబావు రెట్లకంటే లోతు తగ్గిపోయినచోట, అడుగు నేలకు ఒరుసుకుని వెనుకబడి, పైభాగం ముందుకు తూలి విరిగిపోతుంది. అది భంగం. అలలమీద స్వారీ చేసేవాడికి కావలసింది సరిగ్గా ఆ రెంటి నడుమనున్న క్షణం. కోశకారుడు ఇంత ఉద్దేశించాడని నేననను. పదాలు పుట్టించినవాళ్ళలో ఎవరో ఒకరు నీళ్ళదగ్గర నిలబడి చూశారని మాత్రం అంటాను.

ఈ ఆటకు పుట్టిల్లు పసిఫిక్ ద్వీపాలని అందరూ ఎరిగినదే. 1769లో తాహితిలో జోసెఫ్ బ్యాంక్స్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడివారు పాత పడవ వెనుకభాగాన్ని పట్టుకుని అలలమీద ఒడ్డుకు జారడం చూసి వ్రాసుకున్నాడు. కెప్టెన్ కుక్ 1779 ఫిబ్రవరిలో హవాయిలో చంపబడ్డాక, ఆయన ప్రయాణ గ్రంథాన్ని పూర్తిచేసిన జేమ్స్ కింగ్ అక్కడి పలకల ఆటను వర్ణించాడు. ఆ గ్రంథం 1784లో అచ్చయింది. హవాయిలో దొరలకు పొడుగుపలకలు, సామాన్యులకు పొట్టిపలకలు ఉండేవి. తేలికపలకలకు విలివిలి అనే చెట్టు కలప వాడేవారు. ఆ సంగతి చదివినప్పుడు నిర్మల్ బొమ్మలు చెక్కే పొనికి కర్ర గుర్తుకువచ్చింది నాకు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు.

1820లో అమెరికా నుండి మతప్రచారకులు దిగాక ఆ ఆట అణగారిపోయిందని ఒక కథనం తరచు వినిపిస్తుంది. వారికి అది నచ్చలేదన్నది నిజమే. కానీ బయటివారు తెచ్చిన రోగాలతో ద్వీపవాసులు వేలసంఖ్యలో నశించిపోవడం అంతకంటే పెద్ద కారణం. ఆడేవాళ్ళే లేకపోతే ఆట ఎక్కడిది? ఇరవయ్యవ శతాబ్ది మొదట్లో అది మళ్ళీ లేచింది. 1907లో రచయిత జాక్ లండన్ వైకీకీ తీరంలో నేర్చుకుని, ఎండకు ఒళ్ళు కాలి మంచమెక్కి, ఆ ముచ్చటంతా వ్యాసంగా వ్రాశాడు. (నేను మంచం ఎక్కలేదు. మా కోడలు ఇచ్చిన కొబ్బరినూనె చలువ.) 1912 ఒలింపిక్సులో ఈతకు బంగారు పతకం తెచ్చుకున్న హవాయి వీరుడు డ్యూక్ కహానమోకు దీనిని దేశదేశాలకు తీసుకుపోయాడు. 2021లో జరిగిన టోక్యో క్రీడలలో ఇది మొదటిసారి ఒలింపిక్సుకు ఎక్కింది. 2024 పారిస్ క్రీడలకు ఈ పోటీని తాహితిలోనే పెట్టారు. బ్యాంక్స్ చూసిన ద్వీపమే అది.

మన దేశంలో కర్ణాటకలోని ముల్కి దగ్గర, చెన్నపట్నానికి దక్షిణాన ఉన్న కోవళంలో ఈ శతాబ్దంలో ఇది పాదుకొంది. కోవళంలో బడి పెట్టి నేర్పినవాడు మూర్తి మేగవన్ అనే జాలరి యువకుడు. ఈ చరిత్ర అంతా ఇలాగే చెబుతారు: హవాయి, కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా, చివరన మనం.

నేను ఒప్పుకోలేకపోతున్నది ఆ 'చివరన' అన్న మాటను.

మా కుర్రవాడు జాలరుల ఇంటివాడు. వాళ్ళ తాత తెప్ప వేసినవాడట. తెప్ప అంటే మా ధర్మపురిలో బ్రహ్మపుష్కరిణిలో నరసింహస్వామి ఊరేగే తెప్పోత్సవమే నాకు తెలుసు. వాళ్ళ తెప్ప వేరు. చెక్కిన తేలిక దుంగలు నాలుగైదు కలిపి తాళ్ళతో కడతారు. ఒడ్డుకు వచ్చాక విప్పి ఆరబెడతారు, లేకపోతే దుంగలు నీరు పీల్చి బరువెక్కుతాయి. లోపల కూర్చునే చోటంటూ లేదు. నీరు పైకి వచ్చి పోతుంది, మనిషి పైనే ఉంటాడు. తమిళులు దీనినే కట్టుమరం అన్నారు. 1697లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో విలియం డాంపియర్ కోరమాండల్ తీరపు ఈ దుంగపడవల గురించి వ్రాశాడు. కట్టుమరం ఇంగ్లీషులో కాటమరాన్ అయింది, కాలక్రమాన జంటపొట్టల పడవకు పేరయింది. పేరు మనవైపుది, రూపం పసిఫిక్ వాళ్ళది.

మన తూర్పుతీరానికి సహజమైన రేవులు తక్కువ. ఓడలు దూరాన లంగరు వేస్తే మనుషులనూ సరుకులనూ అలలు దాటించి ఒడ్డుకు చేర్చేది మసూలా పడవలు. మేకులు లేకుండా కొబ్బరిపీచు తాడుతో పలకలను కుట్టిన పడవలు అవి. అల కొడితే పగలవు, వంగి సాగుతాయి. దానికి ఆ పేరు మచిలీపట్నం నుండే వచ్చిందని కొందరంటారు. పడవ బోల్తాపడితే ప్రయాణికులను పైకి తేవడానికి తెప్పలవాళ్ళు వెంట ఉండేవారు. మదరాసు రేవుకు 1875లో పునాది పడింది, 1881 తుఫాను ఆ కట్టడాన్ని ధ్వంసం చేసింది. విశాఖపట్నం రేవు తెరచినది 1933లో. అంతవరకు ఈ తీరానికి వచ్చిన దొరలైనా, పెట్టెలైనా మనవాళ్ళ చేతులమీదుగా అల దాటి నేల తాకవలసిందే.

ఇంత పని చేసినవారి ముచ్చట నేను చదివిన కావ్యాలలోగానీ చెప్పిన పాఠాలలోగానీ లేదు. ధర్మశాస్త్రాలు సముద్రయానాన్ని పాతకాల జాబితాలో చేర్చాయి. బౌధాయనుడు దానిని మొదటనే పెట్టాడు. మా నాన్నగారు అది నమ్మిన మనిషి. అయితే అదే గోదావరి ఒడ్డున, మా ఊరికి కూతవేటు దూరంలో కోటిలింగాల ఉంది. శాతవాహనుల తొలి రాజు సిముకుని నాణేలు అక్కడ దొరికాయి. ఆ వంశంవారే తరువాత తూర్పుతీరంలో రెండు తెరచాప కొయ్యల ఓడబొమ్మతో నాణేలు వేశారు. కరీంనగరంవాళ్ళకు సముద్రం పరాయిదని నేను అనుకున్నది నా అజ్ఞానమే తప్ప చరిత్ర కాదు.

ఇక నా స్వారీ సంగతి. ఆరుసార్లు పడ్డాను. ముక్కులోకి, చెవిలోకి ఉప్పునీరు. ఏడోసారి అల నెట్టినట్టు తెలిసింది. అది చెప్పరానిది. వెనుకనుండి ఎవరో నెమ్మదిగా లేవనెత్తినట్టు ఉంటుంది, చప్పుడు కూడా మారుతుంది. లేవబోయి, మోకాళ్ళమీద ఆగిపోయాను. పాదాలు రాలేదు. ఆ మోకాళ్ళమీదనే ఒడ్డుదాకా వచ్చాను. మనవడు అప్పటికే రెండుసార్లు నిలబడ్డాడు. "తాతా, అది లెక్కలోకి రాదు" అన్నాడు. కుర్రవాడు కూడా మర్యాదగా అదే చెప్పాడు. రేపు రండి, నిలబెడతానన్నాడు.

తిరిగి వస్తుంటే ఇసుకమీద వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళ తాతను చూపించాడు. ఆయన తెప్ప వదిలేసి చాలాకాలమైంది. ఇప్పుడన్నీ ఫైబరువే, వాటినీ తెప్పలనే అంటారు. ఆయన ప్రక్కన కూర్చుని, అలమీద ఒడ్డుకు వచ్చేటప్పుడు మీరు నిలబడేవారా అని అడిగాను.

"అవసరాన్నిబట్టి బాబూ. నిలబడితే దూరం కనపడతాది. తెడ్డెయ్యాలంటే మోకాళ్ళమీదే. కెరటం మీద ఒడ్డుకొచ్చేటప్పుడు మోకాళ్ళమీదే వొస్తాం. పైన చేపలుంటాయి గదా" అన్నాడు.

మరి సరదాకు ఆడేవారు కాదా అన్నాను. ఆయన సూదిని వల కన్నులో ఆపి, కొంచెంసేపు మనవడివైపు చూశాడు. "కుర్రాళ్ళప్పుడు విరిగిన దుంగ దొరికితే ఆడేవోళ్ళం. అయ్య చూస్తే కొట్టేవోడు. ఈడికి ఆటకి డబ్బులిస్తన్నారు" అన్నాడు.

మరునాడు మళ్ళీ వెళ్ళాను. మోకాళ్ళమీదనే వచ్చాను. ఈసారి ఇద్దరికీ సంజాయిషీ చెప్పలేదు. ఆనాటి ఎనిమిదో తరగతి పిల్లవాడి పేరు నాకు గుర్తుంది, ఇక్కడ వ్రాయను. ఊరు వెళ్ళాక అతని ఫోను నంబరు సంపాదించాను. గోదావరి నీళ్ళు తిరిగి రావనీ, వచ్చేది వేరే సంగతనీ అతనికి చెప్పాలి.