నారింజపండ్ల యుద్ధము (1801)

బుడతకీచులు మన పూర్వులకు క్రొత్తవారు కారు. 1498లో వాస్కో డ గామా కోళికోడు తీరమున దిగిననాటినుండి 1961లో గోవా భారతదేశమున కలియువఱకు వారి ప్రసక్తి మనకు కలదు. ఆ బుడతకీచుల స్వదేశమగు పోర్చుగల్, పొరుగుననున్న స్పెయిన్‌తో 1801లో పట్టుమని మూడు వారములైన సాగని యుద్ధమొకటి చేసెను. దానికి నారింజపండ్ల యుద్ధమని పేరు. పేరు నవ్వు పుట్టించునదియే గాని, దానివలన కలిగిన భూమితగవు నేటికిని తీరలేదు.

ఐరోపాలో 1792 నుండి ఫ్రెంచి విప్లవ యుద్ధములు సాగుచుండెను. 1801 ఫిబ్రవరిలో ఆస్ట్రియా సంధి చేసికొనగా ఫ్రాన్సు నెదిరించి నిలిచిన ప్రబలరాజ్యము ఇంగ్లండు మాత్రమే. ఇంగ్లీషు ఓడలకు పోర్చుగల్ రేవులు ఆశ్రయము. ఆ రేవులను మూయింపనెంచి నెపోలియన్ బోనపార్టీ తన మిత్రరాజ్యమగు స్పెయిన్‌ను ఉసికొల్పెను. స్పెయిన్ రాజగు నాల్గవ చార్లెసునకు ఇది సంకటమయ్యెను. ఏలయన, మతి చలించిన తల్లికి బదులుగా పోర్చుగల్‌ను ఏలుచున్న జాన్ రాకుమారుడు ఆయనకు స్వయముగా అల్లుడు. అల్లునిపై కత్తి దూయుటకు మామకు చేతులాడలేదు. తాను కదలనిచో ఫ్రెంచిసేనయే తన దేశముమీదుగా పోయి పోర్చుగల్‌ను మ్రింగునను భయము వేఱొకవైపు. తుదకు భయమే గెలిచెను.

సేనాధిపత్యము మంత్రి గొడోయ్‌ది. 1795లో ఫ్రాన్సుతో సంధి కుదిర్చినందుకు ‘శాంతి రాకుమారుడు’ అను బిరుదు పొందినవాడు ఇతడే! ఎదుటిపక్షపు సేనాని లఫోయిన్స్ ప్రభువు ఎనుబది రెండేండ్ల వృద్ధు, లిస్బన్ శాస్త్రపరిషత్తు స్థాపకులలో ఒకడు. పరిషత్తునకు తగినవాడే గాని పాళెమునకు తగినవాడు కాడు.

మే 20న స్పెయిన్‌సేన సరిహద్దు దాటెను. ఓలివెన్సా, జురుమేన్యా కోటలు ఇంచుమించు పోరు లేకయే లొంగిపోయెను. ఎల్వాస్ కోట మాత్రము లొంగలేదు. గొడోయ్ ఆ కోటవెలుపలి తోటలలో నారింజకొమ్మలు కోయించి మరియా లూయిసా రాణికి కానుకగా పంపెను. కోట చిక్కకున్నను కోటప్రక్కనున్న పండ్లు చిక్కినవి. (స్పెయిన్‌వారు ఆ పండును ‘నరంహ’ యందురు. మన నారంగమను మాటయే పారసీకుల, అరబ్బుల నోట బడి అంతదూరము పోయినది.) కాంపో మయోర్ అను చిన్న కోట రెండు వారములకు పైగా ముట్టడికి ఓర్చి పోరాడెను. ఆ ఊరిపేరు లోకులు మఱచిరి, పండ్లను మఱువలేదు.

జూన్ 6న బడహోజ్ నగరమున సంధి జరిగెను. పోర్చుగల్ తన రేవులను ఇంగ్లీషువారికి మూయుటకును, గ్వాడియానా నదికి తూర్పుననున్న ఓలివెన్సాను దాని పల్లెలతో గూడ స్పెయిన్‌కు విడుచుటకును ఒప్పుకొనెను. మామ తొందరపడి సంధి చేసెనని నెపోలియన్ మండిపడి, సెప్టెంబరు 29న మాడ్రిడ్‌లో మఱియొక సంధి వ్రాయించి, పోర్చుగల్‌పై రెండు కోట్ల ఫ్రాంకులు విధించెను. సముద్రమున కావల బ్రెజిల్‌లో విచిత్రము వేఱు. సంధి ముగిసిన పిమ్మట అచ్చటి బుడతకీచులు స్పెయిన్‌వారి ఏడు మిషను గ్రామములను పట్టుకొనిరి. వానిని మరల ఈయలేదు.

ఇక ఓలివెన్సా. 1297 నాటి ఒడంబడిక మొదలు ఐదువందల ఏండ్లు అది పోర్చుగల్ ఊరు. 1807లో ఫ్రాన్సు, స్పెయిన్ తనపై మరల దండెత్తుటచే బడహోజ్ సంధి చెల్లదని పోర్చుగల్ వాదము. సంధిపత్రము తమచేత నున్నదని స్పెయిన్ వాదము. 1815లో వియన్నా మహాసభ పోర్చుగల్ కోరిక న్యాయమనెను. 1817లో స్పెయిన్ ఆ పత్రముపై చేవ్రాలు చేసెను, ఊరు మాత్రము ఈయలేదు. ఊరివారిని అడిగినవారు ఎవరును లేరు. తాతలు పలికిన పోర్చుగీసు భాష మనుమల నోట క్రమముగా సన్నగిల్లెను.

ఉభయరాజ్యములు 1864లో ఉత్తరమున మిన్యో నది మొదలు కాయా నది వఱకును, 1926లో దక్షిణమున కుంకోస్ ఏటినుండి సముద్రము వఱకును హద్దులు తేల్చుకొనిరి. నడుమనున్న ఓలివెన్సా భాగమున ఇరుపక్షములు కలిసి పాతిన సరిహద్దురాయి నేటికిని ఒక్కటియు లేదు.