ట్యాంకు మీది పేరు

2020 మొదట్లో హైదరాబాదులో ఒక షోరూముకి నాన్నని తీసుకెళ్ళాను. కొత్త జావా కొనాలన్న ఉద్దేశం నాది, చూడాలన్న సరదా ఆయనది. అనంతపురంలో ఆయన పదిహేనేళ్ళు యెజ్డీ రోడ్‌కింగ్ నడిపారు. మెరూన్ రంగు జావా ఎక్కి కూర్చుని, ఎడమకాలితో దేనికోసమో తడుముకున్నారు.

"కిక్కు రాడ్డు యాడుందిమ్మా?"

లేదు. బటన్ నొక్కితే స్టార్టవుతుంది. పాత జావా, యెజ్డీలలో కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. స్టార్ట్ చేశాక దాన్ని ముందుకి మడిచి గేర్లు వేసుకునేవారు. కొత్తవాళ్ళు నడపబోతే ముందు దీని దగ్గరే తికమకపడేవారు.

షోరూములో మూడు మోడళ్ళున్నాయి: జావా, ఫార్టీ టూ, పెరాక్. మొదటి రెండూ 2018 నవంబరు 15న విడుదలయ్యాయి. పెరాక్‌ని ఆ రోజే చూపించినా, అమ్మకానికి పెట్టింది ఏడాది తర్వాత. జావాకీ ఫార్టీ టూకీ ఇంజను ఒకటే: 293 సీసీ, ఒకే సిలిండరు, నీళ్ళతో చల్లబడే ఫోర్ స్ట్రోక్, 27 హార్స్ పవర్. ఫ్రేమూ అదే, చక్రాలూ అవే. విడుదలైనప్పుడు ఢిల్లీ ఎక్స్ షోరూం ధర జావాది 1.64 లక్షలు, ఫార్టీ టూది 1.55 లక్షలు. ఆ తొమ్మిది వేల తేడా ఎందుకో చూడ్డానికి బండి నడపక్కర్లేదు. జావాకి ట్యాంకు పక్కల క్రోమ్, బంగారు గీతలు, పాతకాలపు హెడ్‌లైటు. ఫార్టీ టూకి ఆ మెరుపుల్లేవు, స్పీడోమీటరు కూడా ఒక పక్కకి జరిగింది. అంటే ఆ తొమ్మిది వేలూ జ్ఞాపకానికి కట్టే ధర అన్నమాట.

ఎవరి జ్ఞాపకం అన్నదే నన్ను ఆ తర్వాత చాలా రోజులు తొలిచింది.

జావా పుట్టింది 1929లో, ప్రాగ్‌లో. ఆయుధాల తయారీదారు ఫ్రాంతిషెక్ యానెచెక్, జర్మన్ కంపెనీ వాండరర్ నుంచి మోటారుసైకిల్ డిజైన్ హక్కులు కొన్నాడు. తన పేరులోంచి "జా", ఆ కంపెనీ పేరులోంచి "వా" కలిపి జావా అన్నాడు. చెక్‌లో దాన్ని "యావా" అంటారు. ఇక పెరాక్ కథ యుద్ధకాలానిది. నాజీల ఆక్రమణలో ఉన్న ప్రాగ్‌లో, రాత్రిళ్ళు ఇళ్ళ కప్పుల మీంచి దూకి మాయమయ్యే స్ప్రింగు మనిషి గురించి జనం చెప్పుకునేవారు. ఆ మనిషి పేరు పెరాక్. చెక్‌లో "పేరో" అంటే స్ప్రింగు. 1946లో యిర్జీ త్ర్‌న్కా అతన్ని యానిమేషన్ సినిమాలో నాజీల మీదికి వదిలాడు. అదే ఏడాది పారిస్ ప్రదర్శనలో జావా 250 కనబడింది. ఆక్రమణ కాలంలో జర్మన్ల కంటపడకుండా తయారుచేసిన బండి అది. వెనక చక్రానికి కూడా స్ప్రింగులుండటంతో జనం దాన్ని పెరాక్ అన్నారు.

కొత్త పెరాక్ ఆ పేరుని తీసుకుంది, ఆకారాన్ని మాత్రం అమెరికా నుంచి తెచ్చుకుంది. బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు కత్తిరించి, అక్కర్లేనివన్నీ పీకేసి నడిపిన అమెరికన్ కుర్రాళ్ళ "బాబర్" శైలి అది. 334 సీసీ, 30 హార్స్ పవర్, నల్లరంగు, నేలకి దగ్గరగా పొడవాటి ఒళ్ళు, ఒక్కరికే సీటు. మూడింట్లో అందంగా ఉన్నది అదే, ఒప్పుకుంటాను. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మీయమ్మ యాడ కూర్చోవాల?" అన్నారు. మా రోడ్‌కింగ్ మీద ట్యాంకుపై నేను, వెనక అమ్మ, అమ్మ ఒళ్ళో తమ్ముడు, పక్కన వేలాడే సంచీ.

అమ్మే కుర్రాడు మర్యాదగా వివరించాడు: "అంకుల్, ఇది చెక్ బ్రాండ్."

"మాది మైసూరు బండి," అన్నారు నాన్న.

ఆ కుర్రాడు చెప్పింది తప్పు కాదు. నాన్న చెప్పిందీ తప్పు కాదు. 1961లో రుస్తుం ఇరానీ మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టాడు. మొదట చెక్ లైసెన్సుతో జావా పేరు మీదే బళ్ళు వచ్చాయి. 1973 నుంచి పేరు మారి యెజ్డీ అయింది. ఇరాన్‌లోని యజ్ద్ నగరాన్ని గుర్తుచేసే పేరు. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. అంటే మన ఊళ్ళలో పెట్రోల్లో ఆయిల్ కలిపించుకుని, రెండు సైలెన్సర్లతో డుగుడుగుమంటూ తిరిగిన బళ్ళలో చాలావాటికి ట్యాంకు మీద ఉన్నది యెజ్డీ. డిజైను పరాయిదే కావచ్చు, కానీ ఇరవై మూడేళ్ళపాటు ఆ పేరుతో బళ్ళు చేసినవాళ్ళు మైసూరు కార్మికులు.

2018లో ఆ పేరు రాలేదు. కొత్త కంపెనీ క్లాసిక్ లెజెండ్స్‌లో రుస్తుం ఇరానీ కొడుకు బొమన్ ఇరానీ భాగస్వామి. అయినా జనం ముందుకి మొదట వచ్చింది ప్రాగ్ కథ. అమ్మకానికి అది బాగుంటుంది మరి: నాజీలు, రహస్యం, ఎగిరే మనిషి. మైసూరు కథలో టైం కార్డులు, షిఫ్టులు, చివర్లో తాళం వేసిన గేటు. మూసేసిన కంపెనీ ఆస్తులు లిక్విడేటర్ చేతికి వెళ్ళాయి. యెజ్డీ అన్న పేరు ఎవరిదన్న తగువు కర్ణాటక హైకోర్టుకెక్కింది. పాత ఉద్యోగుల సంఘం కూడా ఆ తగువులో ఉంది. మనకి నోస్టాల్జియాగా కనిపించే పేరు, వాళ్ళ లెక్కలో రావలసిన బాకీ.

ఇంతకీ నేను కొన్నది ఫార్టీ టూ. పాతదాన్నని అది మూడింట్లో అందరికంటే తక్కువ నటిస్తుంది, వెనక ఇంకొకరు కూర్చోవచ్చు కూడా. క్రోమ్‌లో నా మొహం కనబడని లోటు ఒక్కటే.

2022 జనవరిలో యెజ్డీ మళ్ళీ వచ్చింది. రోడ్‌స్టర్, స్క్రాంబ్లర్, అడ్వెంచర్ అని మూడు మోడళ్ళు. ఆ సాయంత్రమే నాన్నకి ఫోన్ చేశాను. నిజంగానే సంతోషపడ్డారు. ట్యాంకు మీద పేరు ఎట్ల రాసినారో ఫోటో పంపమన్నారు. పంపాను. కాసేపటికి ఆయనే మళ్ళీ ఫోన్ చేశారు.

"మైసూరులోనే చేస్తాండారా?"

"లేదు నాన్నా. మధ్యప్రదేశ్‌లో, పీథంపూర్‌లో."

"అవునా," అన్నారు. తర్వాత అడిగారు, "కిక్కు రాడ్డుందా?"